ఊఁ కొట్టేవాళ్లు

గురుపాదయ్య భార్య తన కష్టసుఖాలు బర్రెతో చెప్పుకుంటోంది. ఆ సంగతి తెలిసిన రోజు గురుపాదయ్యకు అన్నం సహించలేదు.

నల్లమల అంచున ఒక చిన్న మఠం ఉండేది. అక్కడి స్వామి చెన్నబసవయ్య. ఆయన శిష్యుల్లో గురుపాదయ్యకు శాస్త్రమంతా నోటికి వచ్చు. ఎవరే సందేహం అడిగినా స్వామి నోరు తెరిచేలోపే అతను జవాబు చెప్పేసేవాడు. ఊళ్లోవాళ్లు కూడా కష్టమొస్తే ముందు అతని గడపే తొక్కేవాళ్లు. తలనొప్పికి ఒక పద్యం, తగాదాకు ఒక శ్లోకం అతని దగ్గర ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి.

ఎండాకాలంలో అతని భార్య సంగమ్మకు తల్లి పోయింది. దినాలు ముగిసి ఇంటికొచ్చాక సంగమ్మ పొయ్యి దగ్గర కూలబడి, "మాయమ్మ చేతి కొర్రన్నం ఇంక తినలేను గదా" అని ఏడ్చింది. గురుపాదయ్య పక్కనే కూర్చున్నాడు. పుట్టినవాళ్లు గిట్టక తప్పదన్నాడు. ఆత్మకు చావు లేదన్నాడు. ఏడిస్తే పోయినవాళ్లకు మంచిది కాదని కూడా అన్నాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. తన బోధ పనిచేసిందని అతను సంతోషించాడు.

ఆ తర్వాత ఆమె అతని దగ్గర తల్లి మాట ఎత్తలేదు. తల్లి మాటే కాదు, ఏ మాటా ఎత్తలేదు. "నీళ్లు తోడినా." "సంగటి పెట్టేదా?" అంతే.

ఒకనాటి సాయంత్రం పాలు పిండుతూ ఆమె ఎవరితోనో మాట్లాడుతుంటే, అతను గొడ్ల కొట్టం బయటే నిలబడిపోయాడు.

"పోయేముందర మాయమ్మ నన్ను అడిగిందంట. నేను పోయేసరికి మాట పడిపోయింది. ఏం చెప్పాలనుకునిందో ఏమో..."

బర్రె నెమరు వేస్తూ చెవులు ఆడిస్తోంది.

ఈ మాట ఆమె తనకు చెప్పనేలేదు. గురుపాదయ్య మనసు చివుక్కుమంది.

మరునాడు పొద్దున్నే మఠానికి పోయాడు. స్వామి అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్నాడు.

"సామీ, మా ఇంటామె బర్రెతో మాట్లాడుతాంది."

"ఊఁ" అన్నాడు స్వామి.

"ఇంత చదివినోన్ని నేను ఇంట్లో ఉంటే, పోయి గొడ్డుతో చెప్పుకుంటాందే!"

"ఊఁ."

"ఆమె దుఃఖం పోయేదానికి ఇంకా ఏం బోధ చెయ్యాలో మీరే చెప్పండి."

స్వామి ఒక కాయ చిట్లించి గింజలు చేటలో వేశాడు. "ఊఁ" అన్నాడు.

కథ చెబుతుంటే పిల్లలు ఊఁ కొడతారే, సరిగ్గా అట్లాంటి ఊఁ. గురుపాదయ్యకు చిరాకేసింది. అయినా ఎదురుగా ఊఁ కొట్టేవాళ్లుంటే నోరు ఊరుకోదు. చెబుతూ పోయాడు. బర్రె దగ్గర మొదలైన మాట ఇంట్లోకి వచ్చింది. ఇంట్లోంచి మెల్లగా అతని లోపలికి వచ్చింది.

"ఎదురుగా కూర్చునే అన్నం పెడుతుంది సామీ. నాకు మాత్రం ఒక్కన్నే తింటున్నట్టుంటుంది. అట్లే, ఆమె ఇంట్లోనే ఉండి, నాకు లేకుండా పోతాదేమోనని భయమైతాంది."

స్వామి చేతిలో కాయను ఒలవకుండా పట్టుకున్నాడు. "ఊఁ" అన్నాడు, మెల్లగా.

గురుపాదయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. చాలాసేపు ఏడ్చాడు. ఆత్మ గురించి అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఏడుపు ఆగాక ముక్కు చీదుకుని, "మరి నా ప్రశ్నకు జవాబు చెప్పలేదే సామీ" అన్నాడు.

స్వామి గుప్పెడు గింజలు అతని చేతిలో పోశాడు. "ఇప్పుడెట్లుంది?"

"తేలిగ్గా ఉంది" అన్నాడు గురుపాదయ్య. అని, ఆగిపోయాడు. గింజలు నోట్లో వేసుకోవడం కూడా మరిచిపోయి స్వామి వైపే చూస్తూ కూర్చున్నాడు.

"పో నాయనా" అన్నాడు స్వామి. "పాలు పిండే వేళకు ఇంట్లో ఉండు."

ఆ సాయంత్రం గురుపాదయ్య కొట్టంలోకి పోయి, బర్రెకు అవతలి పక్క గడ్డిమోపు మీద కూర్చున్నాడు. అతన్ని చూసి సంగమ్మ మాట ఆపేసింది. పాలు పిండుతూనే ఉంది. కొంతసేపటికి, బర్రెకే చెబుతున్నట్టు, "మాయమ్మ చివర్లో నన్ను అడిగిందంట" అంది.

గురుపాదయ్య నాలుక చివరికి ఒక పద్యం వచ్చింది. మహా మంచి పద్యం, అక్కడికి అతికినట్టు సరిపోయేది. దాన్ని మింగేశాడు.

"ఊఁ" అన్నాడు.

సంగమ్మ చేతులు ఆగాయి. లేచి బర్రె వీపు మీదుగా అతన్ని చూసింది. మళ్లీ కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. చెంబు నిండింది, పాల మీద నురగ అణిగిపోయింది, ఆమె ఇంకా చెబుతూనే ఉంది. మధ్యలో ఏడ్చింది. తల్లి ఒకసారి పక్కింటి మేకను తమదే అనుకుని కట్టేసి, అది నాదేనని పోట్లాడిన సంగతి చెబుతూ నవ్వింది కూడా. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! గురుపాదయ్యకు ప్రాణం లేచొచ్చింది.

పున్నమికి మఠానికి వచ్చినప్పుడు స్వామి అడిగాడు.

"సంగమ్మ బర్రెతో మాట్లాడేది మానిందా?"

"లేదు సామీ. ఇప్పుడు ఇద్దరం వింటున్నాం."

"ఊఁ" అన్నాడు స్వామి.