సీత చెంప మీద మచ్చ

శిందే తిమ్మోజీ తోలు ముట్టుకుని అది ఏ గుట్ట మీద మేసిన మేకదో చెప్పేవాడంటే నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి వెళ్లవచ్చు, దారికి ఎవరూ అడ్డం లేరు. ఒకసారి ఆ మేక పేరు కూడా చెప్పాడు. తోలుబొమ్మ మీద ఆయన ఉలి నడిచిందంటే ఈగ వాలి లేచేలోగా నూట ఎనిమిది చిల్లులు పడేవి. ఈగకు మాత్రం దెబ్బ తగిలేది కాదు. అంతటి మనిషికి ఒక అలవాటుండేది. శిష్యులు ఏమడిగినా నోటితో జవాబివ్వడు. చేతికో పని ఇస్తాడు.

ధర్మవరం పక్కన ఆయన పాకలో ఆరేళ్లుగా బొమ్మలు చేయడం నేర్చుకుంటున్న హంపమ్మ ఒక గురువారం పొద్దున ఆయన ముందు కూర్చుని అడిగింది. "సామీ, ఈ మంగు పోవల్లంటే ఏం చేయల్ల?"

రెండో కాన్పుతో వచ్చిన మంగు అది. మొదట చెంపల మీద పలచగా, నీడ పడినట్టు కనిపించింది. నాలుగేళ్లలో ముక్కు మీదుగా నడిచి రెండు చెంపలనూ కలిపేసింది. హంపమ్మ నిమ్మకాయ రుద్దింది, ముఖం మండింది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న ట్యూబు పూస్తే మచ్చ తగ్గి, నెల రోజులు అద్దం ముందు నుంచి లేవబుద్ధి కాలేదు. ఆ తర్వాత చర్మం ఎర్రబడి, మచ్చ మునుపటికంటే నల్లగా తేలింది. ఇప్పుడు పూయాలన్నా భయమే, మానాలన్నా భయమే. పది రోజుల్లో హైదరాబాదులో చేతిపనుల ప్రదర్శన. ఆ పాక నుంచి ఒక ఆడమనిషి పేరుతో స్టాలు పెట్టడం అదే మొదలు. నిలువెత్తు లైట్ల కింద, వందమంది చూస్తుండగా కూర్చుని బొమ్మ చేసి చూపాలి. సోమవారం వస్తే ఏదో ఆసిడ్ పూసి పై పొర లేపేస్తామని అనంతపురంలో ఒక బ్యూటీ పార్లరు వాళ్లు అన్నారు. సరేనని వచ్చింది గానీ, అప్పటినుంచి అన్నం సయించడం లేదు. పని మధ్యలో ఫోను తీసి ముఖం చూసుకుంటుంది, లోపల పెడుతుంది, మళ్లీ తీస్తుంది.

"పైది లేపితే కింద మంచి తోలు ఉంటాదంట సామీ. నిజమేనా?"

తిమ్మోజీ లేచి, ప్రదర్శన కోసం ఆమె ఇరవై రోజులుగా చేస్తున్న సీత బొమ్మను తెచ్చి ఒళ్లో పెట్టాడు. చిల్లులు పొడవడం అయింది, రంగు ఒక్కటే మిగిలింది. సీత చెంప మీద, మేకతో పాటే పుట్టిన గోధుమరంగు మచ్చ ఒకటి ఉంది.

"ముందు ఈమెది తియ్. గట్టిగా గీకు."

హంపమ్మ గాజుపెంకు తీసుకుని గీకింది. పొట్టు రాలింది, మచ్చ పలచబడింది. ఆమెకు ప్రాణం లేచివచ్చింది.

"పోతాంది సామీ, చూడు."

"చూస్తానే ఉండా. ఇప్పుడు రంగెయ్."

కుంచె ముంచి ముఖమంతా లేత ఎరుపు పూసింది. తక్కిన ముఖం మీద రంగు నిమ్మళంగా పరుచుకుంది. గీకినచోట మాత్రం ఇసుకలో పోసిన నీళ్లలా లోపలికి దిగిపోయింది. ఆమె చూస్తుండగానే అక్కడ ముదిరి నల్లబడింది, అంచులు దాటింది, రూపాయి బిళ్లంత మచ్చ అరచేయంత అయింది. దండెం మీద వేలాడుతున్న రావణుడు అది చూడలేక ఇరవై కళ్లూ ఒక్కసారే మూసుకున్నాడు. తడిగుడ్డతో తుడవబోతే రంగు ఇంకా దిగింది. హంపమ్మ చేతిలోని గుడ్డ కింద పెట్టేసింది. ఆ చేయే ఆమెకు తెలియకుండా తన చెంప దాకా పోయి, తాకకుండా ఆగిపోయింది.

తిమ్మోజీ బొమ్మను కిటికీ వెలుతురుకు ఎత్తిపట్టాడు. పాత మచ్చ తోలు లోతున అట్లాగే కూర్చుని ఉంది.

"మచ్చ ఉండేది యాడ? నువ్వు గీకింది యాడ?"

 ఆయన చేయి చాపితే హంపమ్మ కొంగుకు కట్టుకున్న ట్యూబు విప్పి ఇచ్చింది.

"ఎవరిచ్చినారు ఇది?"

"మెడికల్ షాపాయప్ప."

"నీ మొగం చూసిచ్చినాడా?"

"తల ఎత్తలేదు సామీ."

ఆయన ట్యూబు తిరిగి ఆమె చేతిలోనే పెట్టి, "చూసేవాళ్లకు చూపించు," అని తన పనిలో పడ్డాడు.

సోమవారం హంపమ్మ అనంతపురం బస్సు దిగింది. కుడివైపు పోతే పార్లరు, ఎడమవైపు పోతే పెద్దాసుపత్రి. నడిరోడ్డు మీద ఎంతసేపు నిలబడిందంటే, ట్రాఫిక్ పోలీసు ఆమెను విగ్రహమనుకుని బండ్లను చుట్టూ తిప్పి పంపాడు. చివరికి ఎడమవైపు తిరిగింది.

సాయంత్రం పాకకు వచ్చి గుమ్మంలోనే చతికిలబడింది. "డాక్టరమ్మ నీలం లైటు పెట్టి చూసింది సామీ. కొంత పైన, కొంత లోతున ఉందంట. మనట్లా నల్లగుండేవాళ్లకు మంట పుడితే, ఆ మంటే మళ్లా మచ్చయి కూర్చుంటాదంట. ఆ ట్యూబు ఎట్ల మానల్లో చెప్పి, వేరే మందు రాసింది. మబ్బు పట్టినా సరే సన్‌స్క్రీన్ పూయల్లంట, అది కూడా రంగు కలిపింది. పొయ్యి సెగకు దూరంగా ఉండల్లంట. నెలలు పడతాది, తగ్గుతాది, మళ్లా వచ్చినా రావచ్చు అనె." ఆమె కొంగు చెంపల మీదికి లాక్కుంది. "ఇంక ఆరు రోజులే. హైదరాబాదులో ఈ మొగంతోనే కూర్చోవల్ల."

తిమ్మోజీ ఆరిన సీతను తీశాడు. చెంప మీది నలుపును దాచే ప్రయత్నమేమీ చేయలేదు. పాత పంచెలో పసిబిడ్డను చుట్టినట్టు చుట్టి ఆమె చేతుల్లో పెట్టాడు.

"ఇద్దరూ పోండమ్మా," అన్నాడు. "నీడపట్టున పోండి."

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమనిపించినా, ధర్మవరం బస్టాండు దగ్గర గొడుగులు బాగుచేసే మనిషిని అడగండి. ఆనాటి నుంచి ఈ పదకొండేళ్లలో, నీడ కోసం హంపమ్మ పట్టుకు తిరిగే గొడుగుకు నాలుగుసార్లు గుడ్డ మార్చింది ఆయనే. పేరు షేక్ ఖాజా మస్తాన్.