ప్రెసిడెంటు గారి గేర్లు

ఇంతవరకు నోరు విప్పి ఎవరికీ చెప్పలేదు, ప్రెసిడెంటు పరంధామయ్య గారి కారు గేరు మార్చినప్పుడల్లా కుదిపేసింది నా వల్లే. నాలుగు చక్రాలూ లాగే ఆ కారుకి మా మెకానిక్ షెడ్డులో నేను ముందు రెండు టైర్లే కొత్తవి వేశాను. ఆయనేమో డ్రైవర్ మస్తాన్ బాబాయిది మొరటు చెయ్యి అని పని మాన్పించేశారు.

నిన్న దారంతో చుట్టుకొలత తీశాను. అరిగిన వెనక టైర్లు అంగుళం తక్కువ! చిన్న చక్రాలు ఎక్కువ తిరుగుతాయి, పెద్దవి తక్కువ. ఆ పెనుగులాటలో గేర్లు నలుగుతున్నాయి. జబ్బు దొరికింది!

కానీ ఆయన పట్టిన తప్పే తప్పు అని ఆయనతో ఎవరనగలరు?

"అయ్యా, గేరు మెత్తగా ఎలా మార్చాలో ఒక్కసారి చూపించండి, నేర్చుకుంటాను" అన్నాను.

ఆయన మీసం దువ్వుకుని స్టీరింగ్ పట్టారు. రెండో గేరుకి కారు ఎగిరిపడింది. మూడో గేరుకి ఆయన కండువా జారి ఒళ్లో పడింది.

"మస్తాన్ బాబాయి చెయ్యీ అచ్చం ఇలాగేనండీ" అన్నాను.

"నా చేతికేమైందమ్మాయ్? రోగం కారుదే."

"మరి బాబాయి చేతికేమైందండీ?"

ఆయన కండువా తీసి భుజాన వేసుకున్నారు. "రేపట్నుంచి రమ్మను."

నాలుగూ ఒకే కొలతవి వేశాను. గేర్లు వెన్నలా పడుతున్నాయి. షెడ్డంతా నన్ను మెచ్చుకుంటోంది. బాబాయికి కబురు ఎవరితోనైనా పంపొచ్చు. కానీ ఆ రెండు టైర్లు వేసింది నేనని ఇంకెవరు చెబుతారు? ఫోన్ నేనే చేస్తాను.