నేరేడు మెడలో గురివింద దండ

పిల్లలూ, ఈ కథ మీరు విని ఉండరు. మీరు పెరుగుతున్న ఊళ్ళో ఇప్పచెట్లు లేవు, ఎలుగుబంట్లు లేవు, ఒంటెద్దు బండ్లు అసలే లేవు. అయినా దారులున్నాయి, పగ్గాలు పట్టుకోవాలని తొందరపడే పిల్లలున్నారు. అందుకే చెబుతున్నాను.

ఒక కొండ అడవిలో జంతువులన్నిటికీ ఒకటే బండిదారి. పైన చింతతోపు, కింద వాగు, వాగు దాటితే సంత. ఆ దారికి పెద్ద, ఏకాంబరం అనే ఏనుగు. ఆయన పెట్టిన కట్టుబాటు చిన్నదే. మూడు ఇప్పపూతలు చూసినవాళ్ళు, అంటే మూడేళ్ళు నిండినవాళ్ళు, తన దగ్గరికి వస్తే, కళ్ళూ చెవులూ పరీక్షించి మెడలో గురివింద దండ వేస్తాడు. ఎర్రటి ఆ దండ కనిపిస్తే, నేర్చుకునేవాళ్ళు వస్తున్నారని ఎదురొచ్చేవాళ్ళు పక్కకు తప్పుకుంటారు. మూడు పూతలు చూడనివాళ్ళు మాత్రం దారి మీద బండి తోలరాదు.

భల్లమ్మ అనే ఎలుగుబంటికి నేరేడు ఒక్కతే కూతురు. దానికి రెండు పూతలు నిండాయి. మూడోదానికి ఇంకా నలభై రోజులుంది.

"నలభై రోజులే కదమ్మా" అంది నేరేడు, పొద్దున లేవగానే.

"ఇంకా నలభై రోజులుంది కదే" అంది భల్లమ్మ.

ఈ మాట గుంటనక్క గురవయ్య చెవిన పడింది. అతనికో బండి ఉంది. దాన్ని లాగేది పుల్లన్న అనే ముసలి ఎద్దు, తోలేది కొండముచ్చు. సంతకు తోలిన ప్రతిసారీ కొండముచ్చు బుట్టెడు చింతకాయలు అడుగుతున్నాడని గురవయ్యకు కడుపుమంట. మర్నాడే భల్లమ్మ గుహ ముందు వాలాడు.

"వదినా, పిల్లకు బండి నేర్పిస్తాను. నాకేమీ ఇవ్వక్కర్లేదు."

"ఏకాంబరం గారి కట్టుబాటు ఉంది కదా గురవయ్యా. మూడో పూత ఇంకా రాలేదు."

"ఆయనేమన్నాడు? తోలరాదన్నాడు. నేర్చుకోరాదన్నాడా?"

భల్లమ్మ ఆలోచనలో పడింది. నిజమే, ఆ మాట ఆయన అనలేదు.

"తోలడం వేరు, నేర్చుకోవడం వేరు. పైగా పక్కన నేనుంటాను. పేరులోనే గురువున్నవాణ్ణి, నాకు వదిలెయ్యి."

భల్లమ్మకు మనసు నిలవలేదు. నెమరేస్తున్న పుల్లన్న దగ్గరికి వెళ్ళింది.

"అన్నా, తోలడమూ నేర్చుకోవడమూ వేరేనా?"

"నా మెడ మీది కాడికి ఆ తేడా తెలియదమ్మా" అన్నాడు పుల్లన్న.

"పంపొద్దంటావా?"

"నన్నడిగితే ఏం లాభం? దారిపెద్దను అడుగు."

అడిగితే ఏకాంబరం వద్దంటాడని భల్లమ్మకు తెలుసు. అటు చూస్తే కూతురు మూడు రోజులుగా తేనె ముట్టడం లేదు. అడగకపోతే వద్దనే మాటే రాదు కదా అనుకుంది. తల ఊపింది.

గురవయ్య పొద మీది గురివింద గింజలు తనే కోసి, దండ గుచ్చి నేరేడు మెడలో వేశాడు. బండి నిండా చింతకాయల బుట్టలు ఎక్కించాడు.

"నేర్చుకోవడానికి బుట్టలెందుకు?" అంది భల్లమ్మ.

"ఖాళీ బండి మీద చెయ్యి కుదరదు వదినా. బరువుండాలి."

బండి కదిలింది. భల్లమ్మ పక్కనే నడిచింది. చదును నేల మీద అంతా బాగానే ఉంది. నేరేడు ముఖం వెలిగిపోతోంది.

"మావయ్యా, ఆపడం ఎలా?"

"అది రేపటి పాఠం. ఇవాళ్టికి పోనియ్యి."

ఆ మాట విని భల్లమ్మ బండికి అడ్డం వెళ్ళబోయింది. ఆపమని చెప్పేలోపే దిగుడు మొదలైంది. బరువు వెనకనుంచి తోస్తుంటే పుల్లన్న అడుగులు పరుగయ్యాయి, భల్లమ్మా పక్కనే పరుగెత్తింది. వాగు దగ్గర మలుపులో కంజుపిట్ట తన పిల్లల్ని వరసగా దారి దాటిస్తోంది. వాటిని చూసిన నేరేడు పగ్గాలు వదిలేసి రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

పుల్లన్న ముందుకాళ్ళు మడిచి నేల మీద కూలబడ్డాడు. బండి ఒరిగింది. బుట్టలు వాగులో పడ్డాయి, వాటి వెనకే గురవయ్య. భల్లమ్మ కూతుర్ని మెడ దగ్గర నోటితో కరిచి అందుకుంది. చక్రం చివరి కంజుపిల్లకు జానెడు దూరంలో ఆగింది. పుల్లన్న మోకాళ్ళు రెండూ కొట్టుకుపోయాయి.

చప్పుడు విని ఏకాంబరం వచ్చాడు. గురవయ్య నీళ్ళోడుతూ ఒడ్డెక్కాడు.

"పిల్లే తోలింది దొరా. నేను ఊరికే కూర్చున్నాను."

"తోలిందా?"

"తోలింది. అందరూ చూశారు."

భల్లమ్మ కూతుర్ని దించి ముందుకొచ్చింది. "అది తోలడం కాదు, నేర్చుకోవడం అని కదా నువ్వన్నావు గురవయ్యా."

గురవయ్య తోక పిండుకున్నాడు. "ఆ, అదే. నేర్చుకుంటోంది."

"నేర్చుకుంటోందా? అయితే గురువెవరు?" అన్నాడు ఏకాంబరం.

గురవయ్య మాట మార్చాడు. "కాదు దొరా, తోలుతోంది."

"తోలుతోందా? అయితే పూత నిండని పిల్లకు పగ్గాలిచ్చిన బండిగలవాడెవరు?"

గురవయ్య వెనక్కి తిరిగి చూశాడు. వెనక ఎవరూ లేరు.

"రెండింటికీ ఒకడే" అన్నాడు పుల్లన్న మోకాలు నాకుకుంటూ.

"ఒకడు కాదు, తల ఊపింది నేను. నన్నూ తప్పులో చేర్చండి" అంది భల్లమ్మ.

ఏకాంబరం ఇద్దర్నీ చూశాడు. "బండి ఏడాదిపాటు నా దగ్గరే ఉంటుంది. గురవయ్యా, బుట్టలు నీ వీపు మీద మోసుకో. భల్లమ్మా, ఈ పిట్టపిల్లలకు రెక్కలొచ్చేదాకా నువ్వీ మలుపులో కాపలా నిలబడు. పిల్లకు దండ మూడో పూతకు కాదు, నాలుగో పూతకు."

నేరేడు మెడలో దండ తనే తీసి ఆయన ముందు పెట్టింది. "అప్పటిదాకా ఏం చేయాలి తాతా?"

"పుల్లన్న పక్కన నడువు. ఎక్కడ ఆగాలో అతనికి తెలుసు."

ఆ రోజుల్లో గురవయ్య వీపు మీద బుట్టలతో దిగుతుంటే, మలుపులో భల్లమ్మ చెయ్యెత్తి అతన్ని ఆపేది, పిట్టలు దాటేదాకా.

వయసు నిండకుండా దారి మీద పగ్గాలు పడితే, దానికి ఏ పేరు పెట్టినా తప్పు తప్పే; ఇచ్చినవాళ్ళది ఇంకా పెద్ద తప్పు.

మీ స్నేహితుల్లో ఎవరైనా "ఊరికే నేర్చుకుంటున్నాను" అని బండి తాళంచెవి అందుకుంటే, ముందు ఈ కథ వాళ్ళకు చెప్పండి. విన్నాక వాళ్ళ తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ చెప్పమనండి.