గంజి అందని మంచం

"ఇక నావల్ల కాదు స్వామీ," అంటూ సుబోధుడు గురువుగారి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

గోదావరి లంకలో ఉన్న ఆశ్రమం తల్లీ అది. డాక్టర్లు చేతులెత్తేసినవాళ్లను అక్కడ చేర్చుకుంటారు. వాళ్లు తమవాళ్లకు చెప్పుకోవాలనుకున్న నాలుగు మాటలూ రికార్డు చేసి కంప్యూటర్లో దాచిపెడతారు. అక్కడ పూజంటే అదే. గురువుగారు విమలానందులు సన్యాసం తీసుకోకముందు ప్రోగ్రాములు రాసినవారు. ఆ విద్యే శిష్యుడికి నేర్పారు.

కంప్యూటర్లోని డిస్కులు నిండిపోకుండా కాపలా కాసే ప్రోగ్రామును సుబోధుడు సి భాషలో రాశాడు. ఏయే డిస్కులున్నాయో పేర్లు తెచ్చిచ్చే ఫంక్షను ఒకటుంది, పీఎం గెట్ ఇన్‌డామ్ అని. దాన్ని ప్రోగ్రాము మొదలైనప్పుడు ఒక్కసారే పిలిచేలా రాశాడు. వచ్చిన పేర్లు పట్టీగా పెట్టుకుని నిమిషానికోసారి ఒక్కో డిస్కునూ చూసేలా చేశాడు. ఎంత శ్రద్ధో చూడండి!

సోమవారం కొత్త డిస్కు పెట్టారు. రికార్డింగులన్నీ అందులోకి మళ్లాయి. గురువారానికి అదీ నిండింది. ప్రోగ్రాము కిక్కురుమనలేదు. శుక్రవారం వీరమ్మ అనే తల్లి, కూతురి కోసం ఆయాసపడుతూనే గంటసేపు మాట్లాడింది. శనివారం కన్నుమూసింది. ఆ గంటలో ఒక్క మాటా మిగల్లేదు నాయనా.

ఆదివారం పొద్దున్నే కూతురు పడవ దిగి వచ్చింది. అమ్మ గొంతు వినాలని వరండాలో కూర్చుంది.

"నా పట్టీలో ఉన్న ప్రతి డిస్కునూ చూశాను స్వామీ. ఒక్క నిమిషం తప్పలేదు. అయినా ఇలా ఎందుకయింది?" అన్నాడు సుబోధుడు.

గురువుగారు లేచారు. గంజి తపేలా, గరిటె అతని చేతికిచ్చి, "పొద్దెక్కుతోంది. ముందు మంచాల మీదున్నవాళ్లకు పోసిరా. పేర్ల పట్టీ ఉందిగా?" అన్నారు.

ఉంది, గురువారం రాసుకున్నది. పేరు చదవడం, ఆ మంచం దగ్గరికి వెళ్లడం, పోయడం. వీరమ్మ పేరు వచ్చింది. దాటేశాడు. తపేలాతో గుమ్మంలో ఉన్న గురువుగారి దగ్గరికి తిరిగొచ్చాడు.

"అందరికీ పోశావా?"

"పట్టీలో ఉన్న అందరికీ పోశాను స్వామీ."

కిటికీ పక్క మంచం మీద, ఆ తెల్లవారే వచ్చిన ముసలాయన మెల్లగా తలెత్తాడు.

"నాకు పెట్టొద్దన్నారా బాబూ?"

సుబోధుడు తపేలాతో వెనక్కి తిరిగాడు. వెళ్లి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "తాతా, మీ పేరేమిటి?" అని అడిగాడు. ఎరకయ్యట. గంజి తనే తాగించాడు.

మూతి తుడిచి లేచేసరికి గురువుగారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు.

"వరండాలో ఉన్న ఆ కూతురికేం చెప్పమంటారు స్వామీ?"

"జరిగింది చెప్పు. ఏయే డిస్కులున్నాయో మొదట్లో ఒక్కసారి అడిగి, మళ్లీ అడగలేదని చెప్పు."

"క్షమిస్తుందా?"

"క్షమాపణ తెచ్చుకోవడానికైతే పోవద్దు నాయనా. ఆమె పక్కన కూర్చోవడానికి పో."