వేలు దిగిన కిటికీ

రండమ్మా, రండయ్యా, దగ్గరికి జరిగి కూర్చోండి. గుమ్మం దగ్గర నిలబడినవాళ్ళు కూడా లోపలికి రండి. చోటు చాలక ఒకరి మోకాలు ఒకరికి తగిలినా తప్పులేదు. ఇది కాస్త భయం పుట్టించే కథ, వినేటప్పుడు పక్కన మనిషి ఉంటేనే మంచిది. శ్రీకూర్మనాథుణ్ణి ఒక్కసారి తలుచుకుని చెవి ఇటు పెట్టండి.

నిత్యబోధ స్వామివారికి ఒక అలవాటు ఉండేది. శిష్యుడు ఏదైనా అడిగితే కూర్చున్నచోటి నుంచి జవాబు చెప్పేవారు కారు. లేచి చేతికర్ర అందుకుని, “పద, చూసొద్దాం” అనేవారు. దేవుడు ఎక్కడున్నాడని అడిగినవాణ్ణి ఒకసారి చేపల రేవుకు తీసుకుపోయారట. వాడక్కడ ఏం చూశాడో ఇప్పటికీ పెళ్ళానిక్కూడా చెప్పలేదు. వంశధార సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఇవతల, జీడితోటల మధ్య ఉండేది ఆయన ఆశ్రమం. ఒక కార్తీకంలో, ఆకాశం మకిలిపట్టిన ఇత్తడి చెంబులా ఉన్న ఉదయాన, కూర్మినాయుడు అనే శిష్యుడు రొప్పుకుంటూ అక్కడికి వచ్చాడు. జీడితోట మీద బతికే గృహస్థు. భార్య పోయింది. తల్లి పైడమ్మే ఇంటికి పెద్ద. ఒక్కగానొక్క కూతురు కుసుమ పురిటికి పుట్టింటికి వచ్చి ఆడపిల్లను కన్నది. ఇంకా పురుడు తీరలేదు. ఆ మధ్యాహ్నానికి తుపాను తీరం దాటుతుందని రేవులో మైకు పట్టుకుని చెబుతున్నారు.

“స్వామీ, ఇంట్లో కిటికీలు ముసలివైపోయాయి. మా తాత పెట్టించినవి. బాగుచేయిస్తే చాలు అని ఎప్పుడనుకోవాలి, ఇక మార్చాల్సిందే అని ఎప్పుడనుకోవాలి? నాకేటీ తెలీడం లేదు” అన్నాడు కూర్మినాయుడు. అడిగింది కిటికీల గురించే అయినా, కళ్ళముందు కదులుతున్నది ఆ పసిగుడ్డు అని స్వామివారికి అర్థమైంది.

“ఏ కిటికీ అంటే నీకు భయం?” అని అడిగారాయన.

“ఈశాన్యపు గదిది స్వామీ. చిన్న గాలి వీచినా దడదడమని కొట్టుకుంటాది. పోయిన మా ఆవిడొచ్చి తలుపు తడుతున్నట్టుంటాది. ఆ మోతకే బాలింతని నైరుతి గదిలోకి మార్చేశాను.”

“మరి ఏ కిటికీ అంటే భయం లేదు?”

“ఆ నైరుతి గదిదే. నోరెత్తదు. కుసుమ పుట్టినప్పుడు గాలి సోకకుండా మా అమ్మ సందులన్నిటా గుడ్డపీలికలు కూరి మూయించింది. ఆ తరవాత మరి తెరవలేదు. పండగ పండక్కీ పైన రంగేస్తున్నాను, కొత్తదానిలా ఉంటాది.”

స్వామివారు కర్ర అందుకున్నారు. “పద. ముందు ఆ నోరెత్తనిదాన్ని చూద్దాం.”

వాళ్ళు ఇల్లు చేరేసరికి జల్లు మొదలైంది. పైడమ్మ వీధిగుమ్మంలోనే రెండు చేతులూ అడ్డం పెట్టింది. “ఓలమ్మో, సామీ! ఇల్లంతా పురిటి మైల. మీరిక్కడ కాలెట్టకూడదు బాబూ!”

“వసారాలోనే ఉంటానులే తల్లీ. కాని ఈపాటికి బయల్దేరి వస్తున్న గాలివానకు మైల లేదు” అన్నారు స్వామివారు. ఇంట్లోకి వెళ్ళకుండా, గోడవారగా నడిచి, ఇంటి వెనక నైరుతి మూలకు వెళ్ళి నిలబడ్డారు. కిటికీ ఆకుపచ్చగా నిగనిగలాడుతోంది. ఎక్కడా బీట లేదు, మచ్చ లేదు. కూర్మినాయుడికి లోలోపల కొంచెం గర్వం కూడా కలిగింది.

“చూపుతో కాదు నాయనా. చట్రం కింది మూల, వాన నీళ్ళు జారి నిలిచేచోట, బొటనవేలు పెట్టి నొక్కు.”

కూర్మినాయుడు నొక్కాడు. వేలు ఆగలేదు. ఏళ్ళ తరబడి వేసిన రంగు తోలులా మడతపడి, దాని వెనక వేలు కణుపుదాకా దిగిపోయింది. అక్కడ కొయ్య లేదు. తడిసిన అటుకుల్లాంటి ముద్ద ఉంది, అందులో ఏవో తెల్లగా కదిలాయి. సరిగ్గా అప్పుడే లోపల పసిపాప కేరుమంది. ఆ ఏడుపు ఎంత దగ్గరగా వినిపించిందంటే, తన వేలు ఇంకాస్త దిగితే పిల్ల జుత్తు తగులుతుందనిపించింది అతనికి. మంచం ఆ కిటికీని ఆనుకునే ఉంది. ఎండా గాలీ తగలని భద్రమైన మూల అని, ఆ మంచాన్ని అక్కడికి లాగి వేసింది అతనే. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

స్వామివారు ఇంటిని చుట్టి ఈశాన్యం వైపు నడిచారు. అక్కడి కిటికీ అప్పటికే గాలికి పళ్ళు కొరుకుతోంది. రంగు ఎప్పుడో పోయి, కొయ్య బూడిదరంగుకు తిరిగి, చూడ్డానికి శవంలా ఉంది. “దీన్నీ నొక్కు” అన్నారు. కూర్మినాయుడు బలంకొద్దీ నొక్కాడు. వేలు నొప్పి పుట్టింది గాని కొయ్య నలక కూడా రాలలేదు. రెక్కల బందులు అరిగి వదులయ్యాయి, అంతే.

ఇక కుసుమను గది మార్చాలి. మార్చడానికి ఇంట్లో ఉన్నది రెండే గదులు. మధ్యలో వంటచావడి, దాని పెంకులు అప్పుడే కారుతున్నాయి. అంటే ఆ మోతగది తప్ప గతి లేదు. ఈ మాట చెవిన పడగానే పైడమ్మ కొడుకు మీద విరుచుకుపడింది. “మతుండే మాటాడుతున్నావేట్రా కూర్మీ? ఇన్నాళ్ళు కదలకుండా మూసున్న గది ఒగ్గేసి, బాలింతరాల్ని ఆ దెయ్యం కిటికీ కిందకి తోలుతావా? పిల్లకి గాలి సోకితే ఎవుడు సూత్తాడు, సామి సూత్తాడా?”

కూర్మినాయుడు ఆమె చెయ్యి పట్టుకున్నాడు. గోటిలో ఇరుక్కున్న ముద్దను తల్లి అరచేతిలో పెట్టాడు. పైడమ్మ దాన్ని వేళ్ళ మధ్య నలిపి, వాసన చూసి, కొంగుకు తుడుచుకుంది. ఆ తరవాత గొణుక్కుంటూనే మంచం ఒక కొస పట్టుకుంది, ఈశాన్యపు గదిలో కిటికీకి దూరంగా ఒక మూలకు లాగించింది. కూర్మినాయుడు కొబ్బరితాడుతో కిటికీ రెక్కలను ఊచలకు బిగించి కట్టాడు.

పెద్దగాలి ఈశాన్యం నుంచే వచ్చింది. ఏమని చెప్పను! జీడిచెట్లు నేలకు సాగిలపడ్డాయి. పట్టపగలే ఇల్లు చీకటైపోయింది. వసారా నీళ్ళతో నిండేసరికి, “మైలా లేదు గియిలా లేదు, లోపలికి రండి సామీ, కొట్టుకుపోతారు!” అని పైడమ్మే కేకేసి స్వామివారిని వంటచావడిలో పీట వేసి కూర్చోబెట్టింది. గదిలో ఆ కిటికీ మోత మోత కాదు. ఎవరో బయట నిలబడి రెండు చేతులతో బాదుతున్నట్టు, లోపలికి రానివ్వమని పిచ్చిపట్టి గోల పెడుతున్నట్టు ఉంది. కుసుమ పిల్ల చెవులు అరచేతులతో మూసి, తన వీపు కిటికీ వైపు పెట్టి, ముడుచుకుని పడుకుంది. “నాన్నా, ఇది విరిగిపోతాది నాన్నా” అని ఏడ్చింది. కూర్మినాయుడు తాడు పట్టుకుని నిలబడ్డాడు. అరచేతులు ఒరుసుకుపోయాయి. దెబ్బ దెబ్బకీ, ఈ గదికి తీసుకొచ్చి తల్లీబిడ్డల్ని చేతులారా చంపుతున్నానా అనుకున్నాడు. అక్కడ నైరుతి గదిలో చడీ చప్పుడూ లేదు.

అంతలో, ఉన్నట్టుండి, గాలి ఆగిపోయింది.

ఎలా ఆగిందంటే, చూరు నుంచి నీటిబొట్లు రాలడం వినిపించింది. కిటికీ నోరు మూసుకుంది. ఎక్కడో ఒక కాకి అరిచింది. తుపానులు చూడని ఊరు కాదు గాని, తుపాను కన్ను, అంటే సుడి నడుమ గాలి లేని చోటు, సరిగ్గా నెత్తిమీద నుంచి పోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. పైడమ్మ దణ్ణం పెట్టుకుని, వెంటనే పరుగున వెళ్ళి నైరుతి గది చూసి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. “ఒరే, వచ్చి సూడు! అంత గాలికీ ఆ కిటికీ ఊగనైనా ఊగలేదు. గోడకంటుకుని దేవుడిలాగుంది. ఈ గదంతా తడిసిపోయింది, పిల్ల సల్లబడిపోతాది. గాలెలాగూ పోయింది. పద, దాని గదిలో దాన్ని పడుకోబెడదాం.”

ఆ మాటలో తప్పేముంది? పిల్ల ఒళ్ళు నిజంగానే చల్లగా ఉంది. నైరుతి గది పొడిగా ఉంది. ఆ కిటికీ నిలబడిందన్నది కళ్ళకు కనిపిస్తున్న నిజం. కూర్మినాయుడు పాపను చీరముక్కలో చుట్టి ఎత్తుకున్నాడు. చావడి దాటి నైరుతి గది గుమ్మం దాకా వచ్చాడు. లోపల ఆకుపచ్చ రంగు నిగనిగలాడుతోంది. ఒక కాలు గడప మీద పెట్టాడు కూడా. అప్పుడు పాప మెత్తటి చెంపకు అతని బొటనవేలు తగిలింది, ఉదయం మరో మెత్తనలోకి దిగిపోయింది ఆ వేలేనన్న సంగతి ఒళ్ళంతా పాకింది. అతను అక్కడే ఆగిపోయాడు. తలతిప్పి స్వామివారి వంక చూశాడు. ఆయన పీట మీద కళ్ళు మూసుకుని ఉన్నారు. వెళ్ళమనలేదు, వద్దనలేదు.

“ఏట్రా ఆగిపోయావు? సామి మాటింటావు గాని తల్లి మాటినవేటి?” అంది పైడమ్మ వెనక నుంచి.

“సామి ఏటీ అనలేదమ్మా” అన్నాడు కూర్మినాయుడు. “నా వేలు దిగిపోయింది. నానే సూశాను.”

గడప మీది కాలు వెనక్కి తీసుకున్నాడు. పాపను తన చొక్కాలోపల, గుండెకు హత్తుకుని, తడిసిన గదిలోకే తిరిగి నడిచాడు. పైడమ్మ తిట్టిన తిట్లు నేనిక్కడ చెప్పకూడదు, పిల్లలున్నారు. ఆమె తిట్టడం ఇంకా ముగియలేదు, గాలి తిరగబడింది. వెళ్ళిందనుకున్నది వెళ్ళలేదు. ఇంటి వెనక్కి తిరిగి వచ్చి, నైరుతి నుంచి, ఒక్క ఉదుటున తోసింది. పెద్ద మోతేమీ రాలేదు. మెత్తగా, పండిన పనసకాయ చెట్టు నుంచి రాలినట్టు, ధబ్బుమని ఒక్క చప్పుడు. వెంటనే ఇంట్లోకి గాలి, వాన, పెంకుముక్కలు. కూర్మినాయుడు పాపను కుసుమ చేతికిచ్చి పరుగెత్తాడు. అతనూ పైడమ్మా ఇద్దరూ కలిసి ఆ నైరుతి గది తలుపు మూసి, తిరగలిరాయి, బియ్యం బస్తా అడ్డం వేసి, వీపులు ఆనించి కూర్చున్నారు. అప్పటిదాకా ఒకరినొకరు తిట్టుకున్న తల్లీకొడుకులు అలా ఎంతసేపు కూర్చున్నారో వాళ్ళకే తెలియదు. ఈశాన్యపు కిటికీ తాడు కట్లలో కొట్టుకుంటూనే ఉంది. మధ్యమధ్య పాప ఏడుపు వినిపించేది. వినిపించిన ప్రతిసారీ పైడమ్మ “ఏడు, నా తల్లీ, ఏడు” అనేది.

సాయంకాలానికి గాలి తగ్గింది. తలుపు తీసి చూశారు. కిటికీ ఊచలతో, చట్రంతో సహా గోడ నుంచి ఊడివచ్చి పొద్దున్న మంచమున్న చోట బోర్లాపడి ఉంది. చట్రం కొనలు చేత్తో చిదిపిన రొట్టెలా ఉన్నాయి. పైడమ్మ ఆ చోటికి వెళ్ళి కూలబడిపోయింది. తాను కుసుమ పుట్టినప్పుడు ప్రేమగా కూరిన గుడ్డపీలికలు ఆ బురదలో రంగు రంగులుగా కనిపించాయి. కూర్మినాయుడు ఆమెను లేపలేదు. చావడిలోకి వచ్చి స్వామివారి కాళ్ళ దగ్గర పడ్డాడు.

“తెల్లారనివ్వండి స్వామీ. వడ్రంగిని పిలిపిస్తాను. ఆ ఈశాన్యపుదీ పీకించేస్తాను, వంటచావడిదీ పీకించేస్తాను. ఇంట్లో పాత కొయ్యన్నది ఒక్క ముక్క ఉంచను. అన్నీ, అన్నీ మార్పించేస్తాను!”

స్వామివారు పీట మీది నుంచి లేచి కర్ర అందుకున్నారు. తాడు కట్లలో ఇంకా మెల్లగా టకటకమంటున్న ఈశాన్యపు కిటికీ వైపు చూసి, కూర్మినాయుడి భుజం మీద చెయ్యి వేశారు.

“పోయింది ఒక్క కిటికీయే నాయనా, వేలు దిగనిదానికి బందులు మారిస్తే చాలు. నీ భయం మాత్రం గది మారింది” అన్నారు.

ఆ మాటకు అర్థం చెప్పమని నన్నడగకండి, అమ్మల్లారా, అయ్యల్లారా. ఆ వేలు ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ఇంటికి వెళ్ళాక, మీరు ఏ కిటికీ దగ్గర నిశ్చింతగా నిద్రపోతారో దాని కింది మూలన ఒక్క నొక్కు నొక్కి చూడండి. మీరు చూశాక, పక్కింటివాళ్ళ చేత వాళ్ళ కిటికీ కూడా నొక్కించండి.