గోడవైపు తిప్పిన పటం

విశ్వపతికి వచ్చిన కష్టం ఏమిటంటే, అతను ఎవరి గురించి ఎలా రాస్తే వాళ్లు అలాగే ఉండిపోవడం మొదలెట్టారు.

మొదట్లో దాన్ని కష్టమని ఎవరూ అనుకోలేదు. అతనసలే అనుకోలేదు.

బందరులో మా సందు పొడవెంతో చెబితే మీరు నమ్మరు. ఈ చివర మనిషి తుమ్మితే, ఆ చివరి వాళ్లు 'చిరంజీవ' అనేలోపు జలుబు తగ్గిపోతుంది. అంత సందుకీ రాసే మనిషి ఒక్కడే, విశ్వపతి. పగలు మునిసిపల్ ఆఫీసులో జనన మరణాల రిజిస్టరు రాస్తాడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని సందులో బతికున్నవాళ్ల గురించి రాస్తాడు. ఊరి వారపత్రికలో వారానికొక మనిషి చొప్పున అచ్చయ్యేది.

అతనికి ఇంకో పిచ్చి పటాలు కట్టడం. ఆదివారం తెల్లారితే మస్తాన్ గారి కొట్టులో తేలతాడు. మస్తాన్ గారు మా సందు మొగలో పటాలు కట్టే పెద్దాయన. ఊళ్లో గోడల మీదున్న దేవుళ్లు, పెళ్లిళ్లు, పోయినవాళ్లు సగం ఆయన చేతిలోంచి వెళ్లినవే. నన్నడిగితే మొత్తం అంటాను. ఇరవై ఏళ్లుగా విశ్వపతికి ఆయనే గురువు. అద్దం కోయడం నేర్పింది ఆయనే, మనిషిని నిదానంగా చూడటం నేర్పింది కూడా ఆయనేనని విశ్వపతి నాతో చాలాసార్లు అన్నాడు.

"అద్దం మీద గీత ఒక్కసారే గియ్యాలి. సరిగ్గా పడలేదని రెండోసారి గీశావో, ఇక అది నీ మాట వినదు." మొదటిరోజు ఆయన చెప్పిన పాఠం అదొక్కటే. మిగతా ఇరవై ఏళ్లూ పక్కన కూర్చుని బీడీ కాల్చుకున్నాడు.

పత్రికలో మనిషి అచ్చయిన వారం, విశ్వపతి ఆ కాగితం కత్తిరించి, పైన వాళ్ల ఫోటో అంటించి, తన చేత్తో పటం కట్టి, వాళ్లింటికి వెళ్లి గోడకి తగిలించి వచ్చేవాడు. మేకు, సుత్తి కూడా తనే తెచ్చుకునేవాడు. కాదనేవాళ్లెవరు?

మొదట ఇస్త్రీ సాంబయ్య. సాంబయ్య బట్టలతో మాట్లాడతాడు. ప్రతి చొక్కానీ పేరు పెట్టి పలకరించి, దాని మనసు కనుక్కుని గానీ పెట్టె ఆనించడు. 'ఏరా, రాత్రంతా ఎక్కడ దొర్లావు?' అని ఒక చొక్కాని అడిగాడని విశ్వపతి రాశాడు. పటం బండి పక్క గోడకి ఎక్కింది. ఆ మర్నాటినుంచి సాంబయ్య ప్రతి చొక్కానీ అదే మాట అడిగాడు. లంగాల్నీ అదే అడిగాడు. మా కోడలు ప్రసూన పట్టుచీర మడత విప్పకుండా ఇస్తే, దాన్ని కూడా తల వంచి, "ఏరా, రాత్రంతా ఎక్కడ దొర్లావు?" అన్నాడు. నవ్వుతూ కాదు.

తర్వాత జ్ఞానరత్నం గారు. పోస్ట్‌మేన్‌గా రిటైరై పదకొండేళ్లయినా, సాయంత్రం నాలుగింటికి సంచీ లేని భుజం మీద చెయ్యేసుకుని గుమ్మం గుమ్మానా ఆగేవారు. ఒకరితో వానగురించి, ఒకరితో వంకాయల గురించి మాట్లాడేవారు. మా గేటు గొళ్లేన్ని రెండుసార్లు తాటించి నిలబడ్డారని విశ్వపతి రాశాడు. పటం ఎక్కింది. ఆనాటినుంచి ఆయనకి వానా లేదు, వంకాయా లేదు. రావడం, గొళ్లేన్ని రెండుసార్లు తాటించడం, వెళ్లడం.

మూడోదాన్ని నేను.

నేను పద్నాలుగేళ్లప్పుడు ఉప్పుమడుల దగ్గర పాముని చూశాను. అప్పుడది జానెడు. పెళ్లయ్యేసరికి బారెడయింది. మనవలు పుట్టేసరికి రోడ్డుకి అడ్డంగా పడుకుంటే జట్కాలు ఆగేవి. ఏడాదికేడాది దానికింత మేత వేసి పెంచాను. విశ్వపతి నా పాము గురించి ముచ్చటగా రాశాడు, తప్పు చెప్పను. 'పేరిందేవి పిన్నిగారి పాము రైలుస్టేషన్నించి కోనేరు సెంటరు దాకా' అని రాసి, మా హాల్లో మా ఆయన పటం పక్కనే నా పటం తగిలించి వెళ్లాడు.

మర్నాడు పాలమ్మాయికి పాము సంగతి చెబుతున్నాను. రైలుస్టేషన్నించి కోనేరు సెంటరు దాకా వచ్చింది. ఆగిపోయింది. ఇంకో నాలుగడుగులు సాగదీద్దామని చూశాను. సాగలేదు.

ఆ శుక్రవారం ప్రసూన పటాలకి బొట్లు పెడుతూ, అలవాటు కొద్దీ మామగారి అద్దానికొకటి పెట్టి, పక్కనే నా అద్దానికీ ఒకటి పెట్టేసింది. "అయ్యో అత్తయ్యా, చెయ్యి అటు పోయింది," అని కొంగుతో తుడిచింది. ఎర్రటి మరక మాత్రం పటంలో నా మూతి మీద ఉండిపోయింది. మా ఆయన పక్క పటంలోంచి, కాస్త జరిగి చోటిచ్చినట్టు చూశాడు.

ఆ సాయంత్రం నాలుగింటికి నేను అరుగు మీదున్నాను. సాంబయ్య, "ఏరా, రాత్రంతా ఎక్కడ దొర్లావు?" అన్నాడు. జ్ఞానరత్నం గారు గొళ్లెం తాటించారు. నా పక్కన ఎవరూ లేరు, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. నా నోరు తెరుచుకుని, "రైలుస్టేషన్నించి కోనేరు సెంటరు దాకా," అంది. ముగ్గురం ఒక్కసారే. మర్నాడు నాలుగింటికీ అంతే. మూడోరోజు చేత్తో నోరు మూసుకున్నాను. మాటలు చేతి వెనకనించి వచ్చాయి.

విశ్వపతిని పిలిచి అడిగాను. "ఏమయ్యా, ఏం చేశావు మమ్మల్ని?"

అతను మురిసిపోయాడు. "చూశారా పిన్నిగారూ, ఎంత కచ్చితంగా పట్టుకున్నానో. అక్షరం తేడా లేదు."

"అక్షరం తేడా లేకుండా ఉండేవాళ్లని ఆ గోడ మీద చూడు నాయనా, దండలేసుంటాయి," అన్నాను.

నవ్వేశాడు. అతని నవ్వు ఎక్కడ ఆగిందో కూడా చెబుతాను. మా గేటు తుప్పుపట్టిందని రంగు వేయించడానికి ఊడదీసి పంపాం. గుమ్మం బోడిగా ఉంది. నాలుగింటికి జ్ఞానరత్నం గారు వచ్చారు. గేటు ఉండాల్సిన చోట ఆగారు. చెయ్యెత్తి గాలిలో రెండుసార్లు తాటించారు.

టక్. టక్.

నాకు వినిపించింది. నేను పెంచి చెబుతానని మీరంటారు. ఇది మాత్రం పెంచలేదు. పక్కనే కూర్చున్న విశ్వపతికీ వినిపించింది. అతను కాఫీ గ్లాసు అరుగు మీద పెట్టేశాడు.

"పిన్నిగారూ," అన్నాడు, "నేను కనకం గురించి రాశాను."

కనకవల్లి అతని భార్య. పెరట్లో పువ్వులు కడుతూ కూనిరాగం తీస్తుంది. ఏ పాటా కాదు. ఏ రోజుకారోజు ఎటు పోతే అటు. చిత్రమేమంటే, తను పాడుతున్నట్టు ఆవిడకి తెలియదు. పద్దెనిమిదేళ్లుగా వంటింటి గుమ్మంలో వెనక నిలబడి అతనొక్కడే విన్నాడు. ఎక్కడ ఆగుతుందో, ముడి బిగించేటప్పుడు ఎలా సన్నబడుతుందో అంతా రాశాడు. వచ్చే శుక్రవారం వాళ్ల పెళ్లిరోజు. ఆ కాగితం పత్రికకి ఇవ్వలేదు. పటం కట్టి ఆవిడకే ఇస్తానని మాటిచ్చాడు.

"ఇవ్వకు," అన్నాను.

"రాయడం మొదలెట్టినప్పటినుంచీ అడుగుతోంది పిన్నిగారూ. 'సందంతా రాశారు, సాంబయ్య బొగ్గుల పెట్టె గురించి కూడా రాశారు, నేనే కనపళ్లేదా మీకు?' అని. ఇవ్వకపోతే ఆ మాట నిజమవుతుంది. ఇస్తే..." అని గుమ్మం వైపు చూశాడు. అక్కడ గేటు లేదు.

గురువారం మధ్యాహ్నం ఇద్దరం మస్తాన్ గారి కొట్టుకి వెళ్లాం. నా పటం కూడా చంకలో పెట్టుకెళ్లాను, మా ఆయన పక్కనించి దించేసి.

కొట్టు గోడలనిండా తీసుకెళ్లాల్సినవాళ్లు ఇంకా రాని పటాలు. పటాల్లో అందరూ పోయినవాళ్లే. ఓ వెయ్యిమంది ఉంటారు. సరే, నలభైమంది. అందరూ మా వైపే చూస్తున్నారు.

విశ్వపతి అంతా చెప్పాడు. మస్తాన్ గారు కాగితం తీసుకుని, చదవకుండా బల్ల మీద పెట్టి, ఒక అద్దం పలక అతని ముందుకి జరిపాడు.

"కొయ్యి."

తను వెళ్లి గుమ్మంలో స్టూలు మీద, వీధి వైపు మొహం పెట్టి కూర్చున్నాడు. వీపు మాకు. విశ్వపతి బల్ల మీదకి వంగాడు.

"ఇప్పుడు కళ్లజోడు నుదుటి మీదకి తోస్తావు," అన్నాడు మస్తాన్ గారు, వీధిని చూస్తూనే.

విశ్వపతి చెయ్యి అప్పటికే కళ్లజోడు మీద ఉంది.

"ఎడమ కాలు తెచ్చి కుడి పాదం మీద పెడతావు."

వంగి చూశాను. పెట్టి ఉంది.

"నాలుక కొస బయటపెడతావు. ఊఁ. ఇప్పుడు లోపలికి లాక్కుంటావు."

లాక్కున్నాడు. చెమట ముక్కు చివరికి వచ్చి నిలబడింది.

"ఇప్పుడు ఊపిరి బిగపడతావు."

బిగపట్టాడు. అద్దం కోసే కలం కొస పలక మీద ఆనింది. మస్తాన్ గారు ఇంకేమీ అనలేదు. విశ్వపతి చెయ్యి కదల్లేదు. ఊపిరి వదల్లేదు. వదులుతావని ఆయన ఇంకా చెప్పలేదు కదా. మొహం ఎర్రబడింది, తర్వాత నల్లబడింది. గోడల మీద ఎప్పుడో ఊపిరి ఆపేసినవాళ్లు కాస్త ముందుకి వంగినట్టనిపించింది.

"మస్తాన్ గారూ," అన్నాను, "వదలమనండి."

ఆయన వీధినే చూస్తున్నాడు.

అద్దం ఫెళ్లుమంది. నిలువునా రెండు ముక్కలు. ఆ చప్పుడుకి విశ్వపతి ఊపిరి బయటపడింది. బల్ల పట్టుకుని రొప్పుతూ కూర్చుండిపోయాడు. ఇరవై ఏళ్లలో అతని చేతిలో విరిగిన మొదటి అద్దం అది.

మస్తాన్ గారు స్టూలు మీదే ఇటు తిరిగాడు. మొహంలో కోపం లేదు.

"ఇరవై ఏళ్లు నీ పక్కనే కూర్చుని అన్నీ చూశాను," అన్నాడు. "ఎప్పుడైనా చెప్పానా?"

విశ్వపతి విరిగిన ముక్కలు ఏరి పక్కన పెట్టాడు.

ఆయన లేచి వేరే పలక తీసి ఒక్క గీతతో కోశాడు. చట్రంలో అద్దం దింపాడు. కనకవల్లి గురించి రాసిన కాగితం తీసుకుని, తిరగేసి, రాసినవైపు లోపలికీ ఖాళీవైపు అద్దానికీ వచ్చేలా పెట్టాడు. వెనక అట్ట వేసి చిన్న మేకులు కొట్టాడు. చేతికిచ్చాడు.

అద్దంలోంచి తెల్లకాగితం కనిపిస్తోంది. ఇంకేం లేదు.

"గురువుగారూ, రాత అటుపక్కకి పోయింది."

"అటే ఉండనీ," అన్నాడు మస్తాన్ గారు, బీడీ వెలిగించుకుంటూ.

శుక్రవారం పొద్దున నేను వాళ్ల పెరటి గోడ పక్కనే ఉన్నాను. ఆ టైములో నాకక్కడ పని ఏమిటని అడక్కండి. కనకవల్లి పటం అందుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఏమండీ, ఇందులో ఏం లేదే."

"ఉంది. వెనకపక్క."

"నా గురించేనా?"

"నీ గురించే. నాలుగు పేజీలు."

"అన్ని ఉన్నాయా నాలో?" అంది. మేకులు పీకి చదువుతుందేమోనని మునివేళ్ల మీద లేచాను. ఆవిడ కాసేపు ఆ అట్ట మీద వేళ్లతో తడిమి చూసింది. తర్వాత తీసుకెళ్లి దేవుడి గూటి పక్కన తగిలించి, వచ్చి పువ్వుల బుట్ట ముందేసుకుంది.

విశ్వపతి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. నేను గోడకి చెవి పెట్టాను. చాలాసేపు ఏమీ వినపడలేదు. ఒక మూర దండ అయిపోయింది. రెండో మూర మొదలుపెట్టింది. అప్పుడు సన్నగా, ఎక్కడినించో దారి తప్పి వచ్చినట్టు, రాగం మొదలైంది. నిన్నటిది కాదు.

ఆ మధ్యాహ్నం విశ్వపతి మేకులు పీకే పట్టకారు పట్టుకుని సందంతా తిరిగాడు. పటం దించడం, కాగితం తిరగేయడం, తగిలించడం. సాంబయ్య బండి దగ్గర, జ్ఞానరత్నం గారి వరండాలో.

సాంబయ్య మర్నాడు చొక్కాలతో పోట్లాడుతూ కనిపించాడు. కానీ ఆ ఒక్క మాట, పటంలో ఉన్న మాట, ఆ తర్వాత అతని నోట నేను వినలేదు. జ్ఞానరత్నం గారు కొత్తగా రంగేసిన మా గేటు ముందు ఆగి, గొళ్లెం వైపు అనుమానంగా చూసి, దాన్ని ముట్టుకోకుండా, "వంకాయలు బాగున్నాయా అమ్మా ఇవాళ?" అన్నారు.

అందరికంటే చివర మా ఇంటికొచ్చాడు విశ్వపతి. నా కాగితం కూడా తిరగేసి పటం బిగించాడు. మా ఆయన పక్కన తగిలించబోతే వద్దన్నాను. బీరువా వెనక పెట్టాడు.

అరుగు మీద కూర్చున్నాం. నాలుగు దాటింది. నా నోరు మూసే ఉంది.

"పిన్నిగారూ," అన్నాడు మెల్లగా, "మీ పాము ఎంత పొడవు?"

చెప్పడానికి భయమేసింది. గొంతు సవరించుకున్నాను.

"రైలుస్టేషన్ దగ్గర తోక ఉంది," అన్నాను. "తల సముద్రంలో ఉంది. ఓడలవాళ్లు దాన్ని చూసి ఒడ్డొచ్చిందనుకుని లంగరేశారు."

అతని చెయ్యి అలవాటు కొద్దీ జేబులో పెన్ను దాకా వెళ్లింది. అక్కడే ఆగింది. కాసేపుండి, ఖాళీగా బయటికొచ్చి మోకాలి మీద కూర్చుంది.

"తర్వాత?" అన్నాడు.