కొంగు ముడి, కొత్త కుంపటి

దస్తగిరమ్మకు మరుపు మొదలైంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఇంకెవరికీ తెలియకూడదని ఆమె తాపత్రయం.

పెన్న ఒడ్డున, ఊరికి కాస్త ఎడంగా, కరీముల్లా సాహెబు అనే ఫకీరు ఉండేవాడు. ఆయన దగ్గరికి ఏ మతంవాళ్లు వచ్చినా సామీ అనే పిలిచేవాళ్లు. గురువారం సాయంత్రం ఫాతెహా చదివాక, పెరట్లో బొగ్గుల కుంపటి మీద ఏదో ఒకటి కాల్చి అందరికీ పెట్టడం అక్కడి ఆనవాయితీ. వచ్చినవాళ్లు తెచ్చిందే కాల్చేవాళ్లు. ఎవరైనా మొక్కుబడి మాంసం తెస్తే సీకులకు గుచ్చేవాళ్లు. లేని రోజు వంకాయలో, మొక్కజొన్న కంకులో. అందరికంటే చివర వచ్చినవాళ్లకే మొదటి ముక్క.

ఆ పెరటి నిప్పు దస్తగిరమ్మది. భర్త పోయిన ఏడాది ఆమె వచ్చి సాహెబు ముందు కూర్చుంటే, ఆయన మంత్రమేదీ చెప్పలేదు. విసనకర్ర తెచ్చి చేతికిచ్చాడు. అప్పటినుంచి ఆమె చేసిన సాధనంతా ఆ కుంపటి ముందే.

ఈమధ్య ఉప్పు వేసిందో లేదో గుర్తుండటం లేదు. ఒక గురువారం ఎవరితోనో మాట్లాడుతూ సీకులు తిప్పడం మరిచిపోయింది. మాంసం ఒకవైపు బొగ్గైపోయింది. అది మౌలాలి కంట పడింది. మౌలాలి కూడా సాహెబు శిష్యుడే, ఆమెకంటే బాగా చిన్నవాడు.

"అక్కా, నీకు కష్టంగా ఉంటే చెప్పు. నిప్పు సంగతి నేను చూసుకుంటా" అన్నాడు.

మంచిగానే అన్నాడు. ఆ మంచితనమే ఆమెను భయపెట్టింది. ఆ కుంపటి చెయ్యి జారితే ఇక్కడ తను ఎవరు? వచ్చి కూర్చుని తిని వెళ్లే నలుగురిలో ఒకతె.

అంతలో ఆ కుంపటే కూలింది. అది నిలువునా కోసిన ఇనుప పీపా. అడుగంతా తుప్పు తిని చిల్లులు పడి, బూడిద ఎప్పుడూ ఆమె పాదాల మీద రాలుతుండేది. చిల్లులకు రేకు ముక్కలు అడ్డం పెట్టేది. అవి నిలిచేవి కావు. చివరికి ఒక కాలు విరిగి పక్కకు ఒరిగింది.

"కొత్తది నువ్వే చూసి తీసుకురా అమ్మా" అన్నాడు సాహెబు. "మంచిదై ఉండాలి. మన స్తోమతకు తగ్గట్టు ఉండాలి."

ఇది తనకు పెట్టిన పరీక్ష అనుకుంది దస్తగిరమ్మ. చూడవలసినవి మరిచిపోకుండా కొంగుకు ముళ్లు వేసుకుంది. రేకు మందానికి ఒక ముడి. కాళ్ల గట్టితనానికి ఒకటి. నడుము వంచకుండా నిలబడి కాల్చుకునే ఎత్తుకు ఒకటి. ముక్కలు నిప్పులో పడకుండా కమ్మీలు దగ్గరగా ఉండాలని ఒకటి. గడప దాటుతుండగా సాహెబు వెనకనుంచి ఇంకో మాట అన్నాడు. దానికీ ఒకటి వేసుకుని బస్సెక్కింది.

టౌనులో ఇనుప సామాన్ల వీధిలో అంగడికొక రకం ఉన్నాయి. ఆమె దేన్నీ ఊరికే చూడలేదు. వేలితో కొట్టి చప్పుడు విన్నది. రెండు చేతులా పట్టుకుని ఊపింది. పక్కన నిలబడి తన నడుముకు ఆనించుకుని చూసింది. ఒక్కొక్కటి చూసుకున్నాక ఒక్కొక్క ముడి విప్పింది.

"ఇది పల్చన నాయనా. రెండు వానలకే పోతుంది" అంది.

"అయితే ఈ పోత ఇనుముది తీసుకో తల్లీ. నీ మునిమనవళ్లు కూడా దీంట్లోనే కాల్చుకుంటారు" అన్నాడు అంగడాయన.

"నా దగ్గరుండే డబ్బుకు దాని కాళ్లు కూడా రావు. నడిమి రకం చూపించు."

అంగడాయన నవ్వి రెండు తీసి ముందు పెట్టాడు. రెండూ ఒకే మందం, ఒకే ధర. కాళ్లు కూడా రెంటికీ గట్టివే.

"దీనికైతే అడుగున కన్నాలుంటాయమ్మా, గాలికి."

"కన్నాలుండేదాన్ని డబ్బిచ్చి కొంటారా ఎవరైనా? కన్నాల కుంపటి మా దగ్గరే ఉండాది."

రెండోది లోతుగా, నున్నగా ఉంది. అడుగున ఒక్క సందు లేదు. దస్తగిరమ్మ తన సీసాలో నీళ్లు దాంట్లో ఒంపి, కిందికి వంగి చూసింది. చుక్క కారలేదు.

"ఇది కట్టు" అంది.

"నీళ్లు పోసి కుంపటి కొన్నోళ్లను నేను చూడలా" అన్నాడు అంగడాయన, తాడు తీసుకుంటూ. "నీ ఇష్టం తల్లీ. కాల్చుకునేది నువ్వు."

బస్సులో కూర్చున్నాక చూసుకుంటే కొంగుకు ఇంకో ముడి మిగిలి ఉంది. అది దేనికో ఎంత తన్నుకున్నా గుర్తు రాలేదు. విప్పడానికి ధైర్యం చాలలేదు.

గురువారం వచ్చింది. ఆ రోజు మాంసం బాగా వచ్చింది, జనం కూడా బాగానే వచ్చారు. కొత్త కుంపటిని అందరూ చుట్టూ తిరిగి చూసి మెచ్చుకున్నారు. దస్తగిరమ్మ బొగ్గులు పోసి, మీద కాసిని నిప్పులు వేసి, విసరడం మొదలుపెట్టింది.

పైన పైన ఎర్రబడింది. కింద పొగ. ఇంకాస్త విసిరింది. పైన పట్టినది కూడా బూడిద కప్పుకుని నల్లబడింది. మళ్లీ నిప్పులు తెచ్చి వేసింది. విసరగా విసరగా మణికట్టు లాగేసింది. కళ్ల నీళ్లు పొగవో కావో ఎవరికీ తెలియలేదు.

"ఏందక్కా, కుంపటి తెమ్మంటే గంగాళం తెచ్చినావే!" అన్నాడు మౌలాలి. "ముక్కలన్నీ దీంట్లో వేసి పులుసు పెట్టుకుందామా?"

జనం నవ్వారు. ఇంతలో ఇంకెవరో గేటు తీసుకుని లోపలికి వచ్చారు. అప్పటిదాకా తనే చివరివాణ్ణి అనుకుని కుంపటి పక్కనే నిలబడిన ఆసామి, ఉస్సురని వెనక్కి జరిగాడు.

"ఆలస్యం కూడా మంచిదే" అన్నాడు సాహెబు మంచం మీదినుంచి. "ఎంతమందికి ఆశ పుడతాందో చూడండి."

మళ్లీ నవ్వారు. దస్తగిరమ్మ నవ్వలేదు. విసనకర్ర తీసుకెళ్లి ఆయన మంచం మీద పెట్టింది.

"సామీ, నిప్పు మౌలాలికి ఇచ్చేయండి."

"ఎందుకమ్మా?"

"నా తలలో ఏదీ నిలవడం లేదు సామీ. నిన్నటిది ఈ రోజుకు ఉండటంలా. ఇన్నేళ్లు మీ దగ్గర విన్నవన్నీ కారిపోతాండాయి. చిల్లులు పడిపోయినాను."

ఇంతమందిలో ఆ మాట బయటికి వచ్చేసింది. మౌలాలి తల దించుకున్నాడు.

సాహెబు లేచి లోపలికి వెళ్లి, సుత్తి, లావుపాటి మేకు ఒకటి పట్టుకొచ్చాడు. బొగ్గులన్నీ ఇసుకలో కుమ్మరించమన్నాడు మౌలాలిని. గోనెసంచి అడ్డం పట్టుకుని కుంపటిని బోర్లా తిప్పి, అడుగున మేకు నిలబెట్టి, సుత్తి ఎత్తాడు.

"సామీ! కొత్తది!" అంది దస్తగిరమ్మ.

"ఊఁ" అని కొట్టాడు.

ఆయన వయసుకు ఒక కన్నం వేయడమే ఎక్కువైంది. కాసేపు ఆయాసపడి, సుత్తి ఆమె చేతికిచ్చాడు.

"మిగతావి నువ్వు."

ఆమె మెల్లగా తట్టింది. రేకు మీద గీత మాత్రం పడింది.

"పసిబిడ్డను జోకొడుతున్నావా? గట్టిగా."

ఈసారి గట్టిగా కొట్టింది. మేకు దిగింది. పక్కన ఇంకొకటి దించింది. దాని పక్కన ఇంకొకటి. ఇష్టపడి ఏరుకొచ్చిన వస్తువు అడుగంతా తన చేత్తోనే తూట్లు పొడిచింది. జనం నవ్వడం మానేసి చూస్తున్నారు.

కుంపటి నిలబెట్టి మౌలాలి బొగ్గులు ఎత్తి పోశాడు. ఆమె నాలుగు నిప్పులు వేసి, విసనకర్ర కోసం చెయ్యి చాపింది. అది ఇంకా మంచం మీదే ఉంది. తీసుకుని వచ్చేసరికి బొగ్గులు చిటపటమంటున్నాయి. కిందినుంచి ఎరుపు పైకి ఎక్కుతోంది. కన్నాల్లోంచి బూడిద సన్నగా రాలి, ఎప్పటిలాగే ఆమె పాదాల మీద పడింది.

ఆమె కాళ్లు వెనక్కి తీసుకోలేదు.

మౌలాలి సీకులు అందించాడు. ఆమె వరసగా పేర్చింది. కొవ్వు కరిగి నిప్పు మీద పడి చుయ్యిమంది. వాసన పెరడంతా పాకింది. సాహెబు వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

దస్తగిరమ్మ కొంగు ముందుకు లాగి చూపించింది.

"సామీ, ఆ రోజు నేను గడప దాటుతుంటే వెనకనుంచి ఒక మాట అన్నారు. దానికి వేసుకున్న ముడి ఇది. ఏమన్నారు?"

సాహెబు ఆ ముడిని వేళ్లతో తడిమి చూశాడు.

"నాకూ గుర్తు లేదమ్మా" అన్నాడు. "విప్పెయ్. సీకులు తిప్పు."